జింకలు తినే రాతిపువ్వు

మొన్న మధ్యాహ్నం వికారాబాద్ నుంచి వచ్చిన నాపరాళ్ల వ్యాపారి, మా భూగోళం సార్ ఆ పొద్దునే పోయారని చెప్పాడు. దొరికిన రైలుబండి ఎక్కాను. పెట్టె ఖాళీగానే ఉంది, అయినా కూర్చోలేకపోయాను. తాండూరు నుంచి వికారాబాద్ దాకా ఈ తలుపు దగ్గరికీ ఆ తలుపు దగ్గరికీ తిరుగుతూనే ఉన్నాను. ఆ అలవాటు ఆయనదే.

తాండూరు బడిలో నేను గంట కొట్టే చప్రాసిని. సార్ కుర్చీలో కూర్చోగా నేనెన్నడూ చూడలేదు. మంచుదేశాల పాఠమైతే పిల్లలను కూడా లేపి గది చుట్టూ తిప్పేవారు. "నడువుండ్రి! టండ్రాల ఆగినోడు గడ్డకడ్తడు" అనేవారు. సోడా దుకాణంలో ఐసు తప్ప ఆయన మంచును చూసింది లేదు.

పోలీసు చర్య అయిన మరుసటేడు, ఇకమీదట పాఠం ఉర్దూలో కాదు, తెలుగులో చెప్పాలన్నారు. బళ్ల ఇన్‌స్పెక్టరు వచ్చి వింటారు. చెప్పలేకపోతే నౌకరీ ఉండదు. సార్‌కు మాట్లాడే తెలుగు వచ్చు, పుస్తకాల తెలుగు రాదు. నేను దోమ అనే ఊరి దగ్గరి మా పల్లెలో నాలుగేళ్లు తెలుగు బడికి పోయినవాణ్ని. అందుకని సాయంత్రం బడి వదిలాక నా స్టూలు పక్కన నిలబడి నేర్చుకునేవారు. నిలబడే. గురువునని నన్ను ఉస్తాద్ అనేవారు.

"గాడ చెట్లు మోకాలెత్తు గూడ పెరగయి, ఉస్తాద్."

"గట్లయితే మా జొన్నచేనే పెద్ద అడివి, సార్."

పడీపడీ నవ్వారు. మంచునక్క చలికాలం తెల్లగా, ఎండాకాలం మట్టిరంగుగా మారుతుందని రాసుకుంటూ, "మేం గూడ గా నక్కలమే. సర్కారు మారింది, బొచ్చు మార్చాలె" అన్నారు. అప్పుడు నవ్వలేదు.

మంచును గిట్టలతో తవ్వి అక్కడి జింకలు తినే మేత ఒకటుంది. పెళుసుగా, బూడిదరంగులో నేలనూ రాళ్లనూ అంటుకుని పెరుగుతుంది. దాన్ని పిల్లలకు ఎట్లా చూపించాలో తెలియక మూడు రోజులు పరేషానయ్యారు. నాలుగో రోజు మా ఇంటిది మసాలా నూరుతుంటే నాకు తోచింది. మసాలాలో వేసే ఎండు రాతిపువ్వు పిడికెడు తెచ్చి ఆయన చేతిలో పోశాను.

"యా అల్లా! జింకలు బిర్యానీ మసాలా తింటున్నయా!" అని వరండా అంతా తిరిగారు. మళ్లీ వచ్చి, "గదే కాదుగని, దాని చుట్టమే" అన్నారు.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు ముసురు పట్టింది. సార్ చేతిలో రాతిపువ్వుతో పాఠం చెప్పి, పిల్లలను బయట నాపరాళ్ల గోడ దగ్గరికి తీసుకుపోయారు. రాళ్లమీది బూడిద మచ్చలు, అవీ రాతిపువ్వు జాతే, వానకు పచ్చగా విచ్చుకున్నాయి. ఇన్‌స్పెక్టరుకు నచ్చింది. తెలుగు ఎవరు నేర్పారని అడిగారు.

సార్ నన్ను చూపించారు. "ఈయన నా ఉస్తాద్."

ఇన్‌స్పెక్టరు మొహం మారింది. "చప్రాసివి, సార్‌లకు పాఠాలు చెప్తవా?"

నా నౌకరీ పోతుందనుకున్నాను. "నాకేం తెల్వదు, దొరా. నేను గంట కొడ్త."

పిల్లలందరి ముందు సార్ అబద్ధం ఆడినట్టయింది. ఆయన పిల్లలను వెంటబెట్టుకుని గదిలోకి నడిచారు. సార్ నౌకరీ నిలిచింది గానీ, నెల తిరక్కుండా ఆయన్ని వికారాబాద్‌లో ఒక చిన్న బడికి మార్చారు. ఆ తరువాత తాండూరు వచ్చినప్పుడల్లా గంజ్ బజారులో పదిమందిలో "సలాం, ఉస్తాద్!" అని పిలిచేవారు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. నేను తల వంచుకుని పక్క సందులోకి తిరిగేవాణ్ని. ఇన్నేళ్లూ అట్లాగే తిరిగాను.

నేను చేరేసరికి ఖబ్రస్తాన్‌లో మట్టి వేస్తున్నారు. దూరంగా గోడ దగ్గర తచ్చాడుతుంటే సార్ పెద్దకొడుకు చూశాడు.

"మీరెవరు, చాచా?"

"మీ అబ్బాకు తెలుగు నేర్పిన."

అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. నలుగురూ తిరిగి చూశారు. అతను పక్కకు జరిగి చోటిచ్చాడు. మూడు పిడికిళ్లు మట్టి వేశాను.

అందరూ వెళ్లాక చినుకులు మొదలయ్యాయి. బండికి ఇంకా టైముంది. గోడ పొడుగునా అటూ ఇటూ నడుస్తూ ఉన్నాను. ఆ రాళ్లమీది బూడిద మచ్చలు ఒక్కటొక్కటే పచ్చబడుతున్నాయి.