క్యాంపులో చూడని నోరు

ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు మా జీపు నంగునూరు వైపు ఒక ఊళ్ళో రాజిరెడ్డి ఇంటి ముందు ఆగింది. జూలై నెల, నాట్ల కాలం. నేను అప్పుడు సిద్దిపేటలో ప్రభుత్వ దంత వైద్యుడిని, సివిల్ అసిస్టెంట్ సర్జన్ హోదా. పదవీ విరమణకు ఇంకా మూడేళ్ళుంది. పొగలేని పొగాకు వాడేవారి నోళ్ళు పరీక్షించడానికి పెట్టిన క్యాంపు అది. పొగలేని పొగాకు అంటే తంబాకు, జర్దా, గుట్కా, నస్యం వంటివి. కాల్చకుండా నోట్లోనో ముక్కులోనో పెట్టుకునేవి. ఆ రోజు ముప్పై ఏడు నోళ్ళు చూశాను. ముప్పై ఎనిమిదోది చూడాల్సింది, చూడలేదు. అది క్యాంపుకు జాగ ఇచ్చిన రాజిరెడ్డి నోరు. ఆయన పోయి ఈ వానాకాలానికి రెండేళ్ళు.

ఆ రోజు మబ్బు పట్టి ఉంది. జ్ఞాపకంలో ఆ ఉదయానికి చప్పుడు లేదు. వాకిట్లో కుర్చీ వెలుతురు వైపు తిప్పి ఉంది. మోకాళ్ళ దాకా బురద ఆరిపోయిన ఆడవాళ్ళు అరుగు పొడుగునా కూర్చున్నారు. వాళ్ళ వెనక పొలాల్లో నీళ్ళు, నీళ్ళ మీద అదే బూడిదరంగు మబ్బు. నేల ఎక్కడ ఆగిందో తెలియదు. ఒకరు లేచి వస్తారు, నోరు తెరుస్తారు, వెళ్ళిపోతారు. ఇప్పుడు తలుచుకుంటే అదంతా నిద్ర పట్టే ముందు కనబడేదానిలా ఉంటుంది.

నాట్లకు పిలిచిన రైతు పొద్దెక్కాక గట్టు మీద కూలీలకు ఆకు, వక్క, తంబాకు ఇవ్వడం ఆ ఊళ్ళో మర్యాద. ఇవ్వకపోతే చిన్నచూపు చూసినట్టు. రాజిరెడ్డి ఆ పని ఎవరికీ అప్పగించేవాడు కాదు. తంబాకు తానే సిద్దిపేటలో చూసి కొనేవాడు, తానే పంచేవాడు. వాళ్ళు దాన్ని సున్నంతో అరచేతిలో నలిపి కింది పెదవికీ చిగుళ్ళకీ మధ్య పెట్టుకుంటారు.

పరీక్షకు ఒక క్రమం ఉంది. ముందు రెండు బుగ్గల లోపలి వైపు, తర్వాత పెదవి లోపల, నాలుక పక్కలు, నాలుక కింద, చివరకు అంగిలి. గుడ్డతో తుడిచినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలైనా మానని పుండు కోసం చూస్తాం. మూడు వేళ్ళు నిలువుగా పళ్ళ మధ్య పడుతున్నాయా అని కూడా చూస్తాం. పట్టకపోతే లోపలి పొర బిగుసుకుపోతున్నట్టు. వీటిలో చాలావరకు మొదట్లో నొప్పి ఉండదు. అందుకే ఎవరూ తమంతట తాము రారు.

నాట్ల గుంపుకు పెద్ద లచ్చవ్వ. యాభై దాటి ఉంటుంది. కింది పెదవి లోపల, తంబాకు పెట్టే చోటే, తెల్లమచ్చ కనబడింది. నొస్తుందా అని అడిగాను.

"నొస్తె నేనే వస్తుంటి గద సారూ, మీరెందుకు ఇంత దూరం వచ్చుడు?"

మానెయ్యమన్నాను. "పొద్దుగాల వంగితె పొద్దుమూకి లేస్తం. గది లేకపోతె ఆకలైతది, నడుం గుంజుతది" అంది.

ఒక్కసారిగా కాకపోతే మెట్టు మెట్టుగా దిగమని చెప్పాను. ముందు నిద్ర లేవగానే వేసుకునేది ఆపాలి. దవడన పెట్టుకొని పడుకోవడం ఎప్పుడూ కూడదు. చేయి పొట్లం మీదికి పోయినప్పుడు సోంపో వేయించిన పల్లీలో నోట్లో వేసుకోవాలి. మరీ తట్టుకోలేకపోతే దవాఖానకు వస్తే నికోటిన్ గమ్ము ఎంత వాడాలో చెప్పి ఇస్తాం. తగ్గించినంత మాత్రాన గండం తప్పదని, తగ్గించడం మానడానికి దారి మాత్రమేనని కూడా చెప్పాను. పక్క మార్చి పెట్టుకుంటే సరిపోతుందని అక్కడ చాలామంది నమ్మకం. దానివల్ల రెండు పక్కలా చెడుతుంది.

లచ్చవ్వ అంతా విని, స్తంభం పక్కన నిలబడ్డ రాజిరెడ్డి వైపు చూసింది.

"మాకు జెప్పుడు మంచిగనే ఉంది. పటేలు నోరు గూడ జూడు సారూ. మాకు పంచకముందు ఆయనే రుచి జూస్తడు."

ఆడవాళ్ళు నవ్వారు. రాజిరెడ్డి కూడా నవ్వాడు. "నాకేమైతదే లచ్చవ్వ? నేను రసం మింగ, ఊంచేస్త."

"ఊంచీ ఊంచీ గోడ ఖరాబైంది. నోరు ఖరాబు గాదా మరి?"

ఈసారి నేనూ నవ్వాను. ఉమ్మేసినా ప్రయోజనం లేదని, పెట్టిన చోటే అది నోటి లోపలి పొరలోకి దిగుతుందని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు.

మధ్యాహ్నం మాకు భోజనం రాజిరెడ్డి ఇంట్లోనే. కోడికూర వడ్డించి, ఎదురుగా కూర్చొని ఆయన మాత్రం పెరుగన్నం తిన్నాడు. పచ్చిమిరపకాయ ఏరి పక్కన పెట్టాడు. ముద్దలు చిన్నపిల్లలకు కలిపినంత చిన్నవి. "కారం పడుతలేదు సారూ, వయసు మీద పడ్డది" అన్నాడు. కారం మంట, చిన్న ముద్ద: వక్కా తంబాకూ కలిసి నోటిని బిగించేటప్పుడు మొదట కనబడే గుర్తులు ఇవే. నేను జూనియర్లకు మొదటి వారంలోనే నేర్పేవాడిని. ఆ రోజు తల ఊపి అన్నం తిన్నాను. కుర్చీలు ఆయనవి, అన్నం ఆయనది. ఆయన కూలీలు చూస్తుండగా ఆయన వాకిట్లోనే నోరు తెరవమనడానికి మొహమాటపడ్డాను. ఒకటిన్నరకు రిజిస్టరు మూసి బయలుదేరాం.

నెల తిరగకముందే లచ్చవ్వ ఆటోలో దవాఖానకు వచ్చింది. మచ్చ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాం. క్యాన్సరు కాదు. తంబాకు పూర్తిగా మానడానికి ఆమెకు నాలుగు నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు మళ్ళీ మొదలుపెట్టి, ఆ సంగతి తానే వచ్చి చెప్పింది. మచ్చ క్రమంగా చిన్నదైంది.

రాజిరెడ్డి వచ్చింది మరుసటి ఏడాది వానాకాలం చివర. పళ్ళ మధ్య ఒక్క వేలు పట్టింది. ఎడమ బుగ్గ లోపల పుండు, దవడ కింద గడ్డ. హైదరాబాదు పంపాను. అక్కడ దవడలో కొంత తీసేశారు, తర్వాత రేడియేషన్ ఇచ్చారు.

ఇంటికి తిరిగి వచ్చాక ఆదివారాలు వెళ్ళేవాడిని. నేను వెళ్ళే వేళకు అరుగు మీద రెండో కుర్చీ వేసి ఉండేది. మాట స్పష్టంగా రాదు కాబట్టి ఆయన తక్కువ మాట్లాడేవాడు, నేనూ అంతే. పొలం వైపు చూస్తూ కూర్చుంటే గంటలు ఎట్లా పోయేవో తెలిసేది కాదు. అట్లాంటి ఒక ఆదివారం నెమ్మదిగా అడిగాడు.

"ఆనాడు నన్నెందుకు కూసోమనలె సారూ?"

ఇంటాయనను నోరు తెరవమనడం మర్యాద కాదనిపించిందని చెప్పాను.

ఆయన తువ్వాలుతో నోరు తుడుచుకున్నాడు. "నాకు గప్పటికే మంట ఉండె. చెప్దామనుకున్న. మీరు నా ఇంటికొచ్చిన చుట్టాలు. చుట్టాలను అన్నానికి పిలిచి, గీ నోరు జూడుమని ఎట్ల అంట?" అన్నాడు. తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుని, "ఇద్దరం మర్యాదస్తులమే" అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు.

ఆ చలికాలం ఆయన బతికాడు, వానాకాలం చూడలేదు.

ఆ రోజే చూసి ఉంటే బతికేవాడా అంటే చెప్పలేను. పుండు పడకముందు చూసినవాళ్ళలో చాలామందిని కాపాడుకోగలిగాం, అంతవరకే చెప్పగలను. ఈ సంఘటన నాకు నేర్పింది వైద్యంలో కొత్త విషయం కాదు. పరీక్ష క్రమం నోటితో మొదలవదు, కుర్చీలో ఎవరు ముందు కూర్చుంటారన్న దానితో మొదలవుతుంది. తర్వాత నేను చేసిన ప్రతి క్యాంపులో మొదట ఇంటాయన, ఆ తర్వాత జీపు డ్రైవరు, మా సిబ్బంది, ఆ వెనక ఊరివాళ్ళు కూర్చునేవారు. నా స్థానంలో వచ్చిన డాక్టరమ్మ కూడా ఆ వరుస మార్చలేదు. జాగ ఇచ్చినవారి నోరు చూడకుండా అక్కడ ఇప్పుడు రిజిస్టరు మూయరు.