పక్క టేబుల్

సరిహద్దులో మనకీ చైనాకీ గొడవ ముదిరిన వారమే, ఇక్కడ ఆక్లాండ్‌లో, హెండర్సన్‌లోని మా అమ్మాయి స్కూల్లో దేశాల పండగ వచ్చింది. ఏటా మా పులిహోర టేబుల్ పక్కనే చైనా వాళ్ల టేబుల్ ఉంటుంది. ఇక్కడి తెలుగువాళ్ల గ్రూపులో ఒక అంకుల్ మెసేజ్ పెట్టాడు: "ఈసారి వాళ్ల పక్కన నిలబడేవాళ్లకి సిగ్గుండాలి." దాని కింద వరసగా జెండాలు.

నాకు ఒళ్లు మండింది. తెల్లారే లేచి పులిహోర కలిపేది నేను, ఎక్కడ నిలబడాలో చెప్పేది ఆయనా? టేబుల్ ఎప్పటి చోటే వేశాను.

పక్కన షాంఘై ఆవిడ మొహం గంటు పెట్టుకుని క్యాబేజీ కుడుములు ఆవిరి మీద పెడుతోంది.

"మీవాళ్లూ జరగమన్నారా?" అని అడిగాను.

ఆవిడ ఫోన్ చూపించింది. షాంఘైలో తన పాత ఆఫీసు స్నేహితుల గ్రూపు నిండా ఎర్రజెండాలే.

"మా ఊరంతా ఇలాగే ఉందనుకోకండి," అంది. "గ్రూపులో అందరిదీ ఒకే మాట. విడిగా ఎవరి మాట వారిది. ఇందులో అందరికంటే గట్టిగా అరిచినాయన నాకు విడిగా మెసేజ్ పెట్టాడు, ఆక్లాండ్‌లో పిల్లలకి మంచి స్కూల్ ఏదని."

ఇద్దరం నవ్వుకున్నాం. ఎవరమూ జరగలేదు.

మధ్యాహ్నం అంకుల్ వచ్చాడు. పులిహోర దాటి కుడుముల వాసన దగ్గర ఆగిపోయాడు. నా వైపు వంగి, గొంతు తగ్గించి, "అమ్మా, నాకో రెండు పెట్టమని ఆవిడకి చెప్పవా?" అన్నాడు.

"మీరే అడగండి అంకుల్," అన్నాను. "గట్టిగా, అందరికీ వినపడేలా."