సుద్దముక్క ఇచ్చేసిన మాస్టారు

మా బుధవారపు గణిత సెమినార్ శాశ్వత అధ్యక్షులు గత వారం సుభాష్‌పల్లిలోని స్వగృహంలో, నిద్రలోనే, కన్నుమూశారని పాఠకులకు తెలియజేయడమైనది. అటువంటి పదవి ఒకటి ఉన్నట్టు సంస్థ రికార్డులలో ఎక్కడా లేదు. ఆయనను ఎవరూ నియమించలేదు. అందువల్ల పదవీ విరమణ తరువాత కూడా ఎవరూ తొలగించలేకపోయారు. హిజ్లీ క్యాంపస్‌లో ఆచార్యులమని చెప్పుకునే మేమందరం కూడా ఆయనను మాస్టారు అనే పిలిచేవాళ్ళం.

సమాధి దగ్గర ప్రార్థనలో పాస్టరుగారు, అన్ని ప్రశ్నలకూ జవాబులు దొరికే చోటికి మాస్టారు వెళ్ళారని ఓదార్చారు. మాస్టారి భార్య కళ్ళు తుడుచుకుని, "అలాగైతే అక్కడ ఈయనకి పొద్దుపోదు, పాస్టరుగారూ" అన్నారు. ఖననానికి వచ్చినవాళ్ళు నవ్వకూడదన్న నియమాన్ని మా విభాగం యావత్తూ ఉల్లంఘించింది.

ఆయనది శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో ఈ బెంగాలీ ఊరికి రైల్వే పనికి వచ్చిన కుటుంబం. తండ్రి ఇంజన్ డ్రైవర్. ఒంటి లైను మీద, ఎదురు బండి లేదనే గుర్తుగా స్టేషన్ మాస్టర్ చేతి నుంచి టోకెన్ అందుకోనిదే డ్రైవర్ బండి కదపకూడదు. ఈ నిబంధనను మాస్టారు ఉన్నత గణితానికి వర్తింపజేశారు. మా సెమినార్‌లో సుద్దముక్కే టోకెన్. అది చేతిలో ఉన్నవారే ఏదైనా నిజమని చెప్పవచ్చు. మిగిలినవారు ప్రశ్నలు మాత్రమే అడగాలి. ఎవరైనా నిరూపణలో గండి చూపిస్తే, వక్త సుద్దముక్కను స్వయంగా వారి చేతికిచ్చి, వెళ్ళి వారి కుర్చీలో కూర్చోవాలి. విదేశాల నుంచి వచ్చిన పండితులకు సైతం మినహాయింపు లేదు. ఒక పెద్దాయన ఇవ్వడానికి తటపటాయిస్తే, "ఇచ్చేయండి బాబూ, ఎదర నుంచి బండొస్తంది" అన్నారు మాస్టారు. ఆయన ఇంగ్లీషులోనే అన్నా, మాకది ఇలాగే వినిపించింది.

మొదటి వరసలో కూర్చుని కళ్ళు మూసుకోవడం ఆయన అలవాటు. కొత్తవాళ్ళు నిద్రనుకునేవారు. వక్త "ఇది సులభంగానే తెలుస్తుంది" అన్న మరుక్షణం ఒక కన్ను తెరుచుకునేది. "ఎవులికి సులువు? నాకవలేదే!"

ఆయనకు ఒక ఊహ ఉండేది. కొన్ని చుక్కలు, వాటిని కలిపే గీతలు. కలిసిన చుక్కలకు ఒకే రంగు పడకుండా రంగులు వేయాలి. అటువంటి చిత్రాలలో ఒక ప్రత్యేక కుటుంబానికి మూడు రంగులు చాలునన్నది మాస్టారి ఊహ. యవ్వనంలో ప్రకటించారు. అది నిజమైతే అన్న షరతు మీద ఇతరులు వ్యాసాలు రాసుకుని పదోన్నతులు పొందారు. దాన్ని నిరూపించడం ఒక్కటే ఆయన జీవితంలో మిగిలిన పని అని ఊరంతటికీ తెలుసు. ఆయనను దించే టోటో రిక్షావాళ్ళు కూడా "మాస్టర్‌దా, హొలో?" అని అడిగేవారు. అయిందా అని.

రెండేళ్ళ కిందట ఒక బుధవారం, అయిందన్నారు. హాలు నిండింది. బుట్టెడు సింగాడాలు, అంటే ఇక్కడి సమోసాలు, వచ్చాయి. ఆయన సుద్దముక్క పట్టుకుని, చిత్రంలోంచి ఒక చుక్క తీసేసి, మిగిలినదానికి మూడు రంగులు వేసి, తీసిన చుక్కను తిరిగి పెట్టే దశకు వచ్చారు. వెనక వరసలో వరంగల్ నుంచి కొత్తగా పరిశోధనకు చేరిన అమ్మాయి చేయి ఎత్తింది.

"సార్, ఒక్క మాట అడగొచ్చా?"

"అడగాల. అడక్కపోతే ఇన్ని సింగాడాలు ఎందుకు తెప్పించినాం?"

"చుక్క తీసేసినంక మిగిలిన బొమ్మ, అదే కుటుంబంల ఉంటదని ఎట్ల తెలుసు సార్?"

సెమినార్ అధికార భాష ఇంగ్లీషన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు. నా పక్కనున్న బెంగాలీ సహోద్యోగి "కీ బోల్ఛే?" అని, ఏమంటోందని, గుసగుసలాడారు. "దాదా, అయిపోయింది" అన్నాను. ఆచార్యులమందరం ఏకగ్రీవంగా మా బూట్లను పరిశీలించాము.

మాస్టారు బోర్డువైపు తిరిగారు. "ఉండదేటి?" అని తనలో తాను అనుకున్నారు. ఒక చుక్క చెరిపారు, మళ్ళీ పెట్టారు. తరువాత మెట్లెక్కి వెనక వరస దాకా నడిచి వెళ్ళారు.

"లేగమ్మా. టోకెన్ అందుకో."

"వద్దు సార్, నేను ఊరికెనే అడిగిన..."

"ఊరికే అడిగితే ఇంత గండి పడతాదేటి? తీసుకో."

ఆమె కుర్చీలో ఆయన కూర్చున్నారు. కళ్ళు మూసుకోలేదు.

ఆ గండిని ఆయనే పూడుస్తారని మేము ఆశించాము. పూడ్చాలని ఆయనా ప్రయత్నించారు. కొన్ని వారాల తరువాత ఆ అమ్మాయే బోర్డు మీద ఒక చిత్రం గీసింది. అన్ని లక్షణాలూ ఆ కుటుంబానివే. మాస్టారు ఎరుపు, పసుపు, నీలం సుద్దలు పట్టుకుని ఎటునుంచి మొదలుపెట్టినా చివరికి ఒక చుక్క బోసిగా మిగిలింది. ఎందుకు మిగిలి తీరుతుందో ఆమె వివరించింది. జీవితకాలపు ఊహ, మా అందరి కళ్ళెదుట, టీ చల్లారేలోపు పోయింది.

సంతాప తీర్మానం ఎలా మొదలుపెట్టాలా అని నేను ఆలోచిస్తుండగా, మాస్టారు భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టారు.

"ఇన్నాళ్ళూ రాని బండి కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడినాను. రాదని ఒక్కడూ సెప్పలేదు. ఈ పిల్ల సెప్పింది." ఆమెవైపు తిరిగి, "నీ పేపర్లో నా పేరు యెయ్యమ్మా. ఈయన తప్పని తేలింది అని రాయి. ఎంత సక్కగుందో సూడు, బొమ్మ!"

నేను మా గురువుల దగ్గర గణితం నేర్చుకున్నాను. తప్పని తేలినప్పుడు మనిషి ఎలా ఉండాలో మాత్రం ఆ గదిలోనే, ఆ సాయంత్రమే చూశాను. అందుకు కృతజ్ఞతలు చెప్పే ఏర్పాటు మా నిబంధనలలో లేదు.

హాలు ఖాళీ అయ్యాక బయటికి వచ్చి చూస్తే, మాస్టారు సైకిల్ మీద ఇంటికి బయలుదేరారు. ఒక చేయి హ్యాండిల్ మీద ఉంది. రెండో చేత్తో గాలిలో చుక్కలు పెట్టి, గీతలు కలుపుతున్నారు. వెనక వస్తున్న విద్యార్థులు ఆయన పక్కకు తిరుగుతున్నారనుకుని, బెల్లులు కొడుతూ, బ్రేకులు వేసి, కాళ్ళు నేలకానించి ఆగిపోయారు. ఆయన తిరగలేదు. చెట్ల నీడలోంచి తిన్నగా వెళుతూ, చేయి చాచి, దూరంగా ఇంకో చుక్క పెట్టారు.