పరాయి నంబర్‌కు లింకైన నాగేంద్రమ్మ

దేశ రాజధానిలో సివిల్స్‌కు చదివేవాళ్లుండే మునిర్కా గల్లీల్లో లింకు అనే మాట లేకుండా పూట గడవదు. ఆన్‌లైన్ క్లాసుకు లింకు, ఫలితాలకు లింకు, సెక్రటేరియట్‌లో ఫలానావాడికి లింకు, ఫలానా అమ్మాయితో ఫలానా అబ్బాయికి లింకు. పాలమూరు నుంచి వచ్చి పద్నాలుగేళ్లుగా ఇక్కడి తెలుగు మెస్సులో వండుతున్న నాగేంద్రమ్మకు ఆ మాట వల్ల ఒక కన్ను పోయింది.

ఆధార్ తీసుకునేనాటికి ఆమెకు ఫోన్ లేదు. మెస్సులో తింటూ సివిల్స్‌కు చదువుతున్న సాయినాథ్ "నా నంబర్ రాయించమ్మా, నేనున్నా కదా" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఆరోసారీ తప్పాక ఊరికి వెళ్లిపోయాడు, నంబరూ మార్చేశాడు. తన నంబర్ మీద ఇంకొకరి బతుకు ఆధారపడి ఉందన్న సంగతి అతనికి గుర్తు లేదు.

రెండేళ్ల కిందట ఆమె కళ్లకు పొర కమ్మింది. ఉచిత ఆపరేషన్‌కు ఆరోగ్య కార్డు కావాలని మెస్సులో ఎవరో చెప్పారు. ఆ కార్డుకు ఆధార్ ఓటీపీ కావాలి. అది సాయినాథ్ పాత నంబర్‌కు పోతుంది. తర్వాత కొనుక్కున్న తన ఫోన్ నంబర్‌కు మార్చాలంటే వేలిముద్ర కావాలి. గిన్నెలు తోమి తోమి ఆమె వేళ్లమీద గీతలు మిగల్లేదు.

"అయితే కన్ను స్కాన్ చేద్దాం ఆంటీజీ" అన్నాడు ఆధార్ కేంద్రంలో ఆపరేటర్. పొర వల్ల యంత్రం అదీ ఒప్పుకోలేదు. "ఆపరేషన్ చేయించుకుని రండి."

"దానికే గద భయ్యా వచ్చింది."

"ముందు లింకు, ఆంటీజీ."

నాలుగుసార్లు తిరిగింది. పదకొండు నెలలు గడిచాయి. కుడికన్ను పోటుకు తలకు గుడ్డ కట్టుకుని వండింది. అన్నంలో రాళ్లు వస్తున్నాయని మాత్రం మెస్సులో అందరూ గమనించారు.

"నువ్వు తీసుకుపోరాదురా ఆమెను ఒకసారి" అన్నాడు తింటున్న కుర్రాడొకడు పక్కవాడితో.

"మెయిన్స్ ఉంది బాబూ నాకు. నువ్వు పో."

ఆ మెస్సులో తినేవాళ్లు ఇరవై ఎనిమిది మంది. రేపటి కలెక్టర్లు. ఏ పథకం ఏ సంవత్సరంలో మొదలైందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఒక్కడూ ఒక్క పూట ఇవ్వలేదు.

చివరికి వాళ్లలోనే ప్రిలిమ్స్ తప్పి ఖాళీగా ఉన్న భావన ఆమెను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లింది. కార్డు లేదని భయపడుతూ చెబితే, కౌంటర్‌లో గుమాస్తా విసుక్కున్నాడు. "లేకపోతే ఏం? పేరు చెప్పండి." రిజిస్టర్‌లో రాసుకున్నాడు. రెండు నిమిషాల పని. పదకొండు నెలల కిందటా ఆ రిజిస్టర్ అక్కడే ఉంది. వెళ్లి అడిగినవాడు లేడు.

ఎడమ కన్ను బాగుచేయవచ్చన్నారు డాక్టర్. కుడికంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయిందట. ఆరు నెలల ముందు వచ్చి ఉంటే ఆ కన్నూ దక్కేదట.

భావన ఏడ్చింది. నాగేంద్రమ్మ ఏడవలేదు. "నీ ఏడుపుతో నాకేం పనిలే బిడ్డా. తారీకు అడుగు" అంది.

తేదీ ఫోన్ చేసి చెబుతామని గుమాస్తా నంబర్ అడిగాడు. భావన అలవాటుగా తన నంబర్ మొదలుపెట్టింది.

"ఆగు. నువ్వు గూడ పోతవ్. నాది రాయించు."

పది అంకెలూ ఆమే చెప్పింది. గుమాస్తా చదివి వినిపించాడు. ఒకటి తప్పింది. కొట్టివేయించి, మళ్లీ మొదటినుంచి రాయించింది.