ఇత్తడి నల్లా

పాత పెట్రోలుకు ఒక వాసన ఉంటుంది. కొత్తది సూటిగా ముక్కుకెక్కుతుంది గానీ నెలల తరబడి ట్యాంకులో నిలవున్నది అట్లా కాదు, పుల్లగా, కొంచెం వార్నిషులాగా గొంతుకు అడ్డం పడుతుంది. మొన్న కొంపల్లిలో మా అపార్టుమెంటు కింద, వానాకాలమంతా బయటే నానిన స్కూటర్‌ను మా మనవడు పొద్దున్నుంచీ తన్ని తన్ని చెమటలు కక్కి, చివరికి ట్యాంకు మూత తీసేసరికి, మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న నా దాకా ఆ వాసన వచ్చింది. "ఏం వాసన నానమ్మా ఇది, ఛీ" అని వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తొమ్మిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు పీల్చిన వాసన అది. ఎన్నో అక్కర్లేనివి మరిచిపోయిన ఈ ముదనష్టపు తలకాయ దాన్ని మాత్రం మరిచిపోలేదు.

అప్పుడు మేము మేడ్చల్‌లో ఉండేవాళ్లం. స్టేషనుకు పోయే బాట పక్కన మట్టిగోడల పెంకుటిల్లు, ముందు పెద్ద వాకిలి, వాకిట్లో గడ్డివాము, గడ్డివాము పక్కన ఫట్‌ఫటి. మోటారు సైకిలును మా ఊళ్లో అందరూ అట్లాగే పిలిచేవాళ్లు. మా బాపు తమ్ముడు నర్సింహ, మాకు చిన్నాయిన, బొల్లారం మిలిటరీలో లారీ డ్రైవరు. తన దేశానికి వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర దాన్ని సంపాదించి, దుమ్ము రేపుకుంటూ వాకిట్లోకి తెచ్చి ఆపిన రోజున బర్రెలు పలుపులు తెంపుకున్నాయి, కోళ్లు ఇంటికప్పు ఎక్కాయి, మా అవ్వ మాత్రం గోలెంలో చెంబు ముంచుకుని కొడుకు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు పట్టుకొచ్చింది. ఆ రోజు నుంచీ అదే అలవాటైపోయింది. ఊరి మొదట్లో ఆ చప్పుడు వినబడితే చాలు, పొయ్యి మీద ఏది మాడిపోతున్నా సరే, అవ్వ చెంబు పట్టుకుని గడప దగ్గరికి వచ్చేసేది.

నాకూ ఒక ఉద్యోగం ఉండేది ఆ బండి దగ్గర. ట్యాంకు కింద వేలెడంత ఇత్తడి నల్లా ఉండేది, దాని పిడి అడ్డంగా ఉంటే పెట్రోలు బందు, కిందికి తిప్పితే చాలు, అంటే పెట్రోలు పారేది. చిన్నాయిన నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకునే ముందు "నల్లా సర్కారువారూ, జర దయ జూపుర్రి" అని సలాము చేసేవాడు. నేను దర్జాగా వంగి పిడి తిప్పేదాన్ని. నేను తిప్పందే ఆ బండి కదలదని, ఈ లోకంలో ఆ పని నా ఒక్కదానికే వచ్చని నాకు గట్టి నమ్మకం. ఎంత గర్వమో చెప్పలేను, బడిలో కూడా ఆ వేలిని ప్రత్యేకంగా చూసుకునేదాన్ని.

చిన్నాయిన పెళ్లి శామీర్‌పేట అమ్మాయితో అయింది. పేరు అండాలు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దదేమో, చిన్నమ్మ అని పిలిచినా నాకు అక్కలాగే ఉండేది, అష్టాచెమ్మాలో దొంగాట ఆడేది, పట్టుబడితే పకపకా నవ్వేది. కొత్తలో ఆమెను వెనక కూర్చోబెట్టుకుని చిన్నాయిన శామీర్‌పేట చెరువుకట్ట మీదుగా పుట్టింటికి తీసుకుపోతే, ఆ కట్ట మీద బట్టలుతికే వాళ్లూ చేపలు పట్టే వాళ్లూ పనులాపి నిలబడి చూశారట. నెల రోజులు రెండు ఊళ్లలోనూ అదే ముచ్చట. మా అవ్వ పైకి కసురుకున్నా లోపల మురిసిపోయింది. ఆ మురిపెం ఏడాది కూడా నిలవలేదు. జర్మనీ యుద్ధానికని చిన్నాయినను ఓడెక్కించారు.

పోయేముందు ఆయన బండిని గడ్డివాము పక్కన నిలబెట్టి, మీద తాడుపత్రి కప్పి, "పైలం" అని చిన్నమ్మ వైపు చూసి అన్నాడు. ఆమె దాన్ని పైలంగానే చూసుకుంది, తనకు తెలిసిన తీరుగా. ప్రతి శుక్రవారం తలస్నానం చేసి, తాడుపత్రి తీసి, బిందెడు నీళ్లతో ఆ బండికి కూడా స్నానం చేయించేది. ట్యాంకుకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేది, అద్దం లేని ఆ గుండ్రటి దీపానికి బంతిపువ్వు చెక్కేది. రెండు వానాకాలాలు ఆ బండి ఎండకు ఎండి, వానకు తడిసి, శుక్రవారం శుక్రవారం చిన్నమ్మ చేతి నీళ్లకు కూడా తడిసి అట్లాగే నిలబడి ఉంది. ఆ బండిని తుడుస్తున్నప్పుడు ఆమె పెదవులు కదిలేవి గానీ ఏమంటున్నదో వినబడేది కాదు.

ఆ ఏడు బతుకమ్మ పండుగ రేపు మొదలవుతుందనగా తపాలాలో ఇంగ్లీషు కాగితం ఒకటి వచ్చింది. బాపు దాన్ని స్టేషనుకు తీసుకుపోయి చదివించుకున్నాడు. చిన్నాయిన ఇక లేడు. బాపు ఇంటికొచ్చి బర్రెల కొట్టంలో అవ్వకూ అమ్మకూ చెప్పాడట. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని చాలాసేపు గోడకు ఆనుకుని, తర్వాత లేచి ముఖం కడుక్కుందట. ఇదంతా పెద్దయ్యాక అమ్మ చెబితే తెలిసింది, అప్పుడు నాకేమీ తెలియదు. అవ్వ అన్న మాటలు కూడా అమ్మే చెప్పింది. "నా కొడుకు ఎట్లా రాడు. గా పోరిని గీ ఒక్కపారి బతుకమ్మ ఆడుకోనియ్యుర్రి. రేపు చెప్తిమంటే ఇగ జన్మల పువ్వు ముట్టనియ్యరు దాన్ని. సద్దులనాటిదాక ఎవ్వలన్న నోరిప్పిండ్రంటే నా మీద ఒట్టే." ఆ రోజుల్లో మొగుడు పోయిన ఆడది బతుకమ్మ పేర్చకూడదు, పసుపు ముట్టకూడదు, గాజులు వేసుకోకూడదు. పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్లకు, ఆఖరి రోజైన సద్దుల దాకా, తొమ్మిది రోజుల పండుగ మిగల్చడానికి, కన్నతల్లి తన ఏడుపును తొమ్మిది రోజులు మింగాలనుకుంది.

ఆ తొమ్మిది రోజులూ ఎంత బాగున్నాయో చెబితే పాపం తగులుతుందేమో. పొద్దున్నే చిన్నమ్మా నేనూ బుట్టలు పట్టుకుని గుట్టల వెంబడి తంగేడు కోసం, జొన్నచేల గట్ల మీద గునుగు కోసం, ఎవరి పాకల మీదైనా పాకిన గుమ్మడిపూల కోసం తిరిగేవాళ్లం. మంచుకు పావడా మోకాళ్ల దాకా తడిసేది, చేతులకు తంగేడు పసర వాసన పట్టేసేది. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని గునుగుపూలకు ఎరుపూ నీలమూ రంగులద్దేవాళ్లం. అవ్వ నువ్వులు వేయించి బెల్లంతో దంచి సద్ది కట్టిచ్చేది, పండుగంతా తానే దగ్గరుండి చేసేది. ఒక్కసారి మాత్రం చిన్నమ్మ తల దువ్వుతూ దువ్వుతూ దువ్వెన పట్టుకుని అట్లాగే ఉండిపోతే, "ఏమైందత్తా" అని చిన్నమ్మ అడిగితే, "చిక్కు పడ్డది బిడ్డా" అంది.

మూడో రోజున చిన్నమ్మ ఒక కోరిక కోరింది. బావగారి ముందు ఆమె నోరు విప్పేది కాదు, తలుపు వెనక నిలబడి నాతో చెప్పించేది. "పిల్లా, మీ బాపుకు చెప్పు, దసరాకు బండి చాలు గావాలెనని. ఆయిన ఎనకటి కాయితంల రాసిండు, పండుగనాడు పూజ జేసి చాలు జేయమని." నేను చిలకలా అప్పజెప్పాను. బాపు ముఖం ఎండిన ఆకులా అయింది. వద్దంటే ఎందుకని అడుగుతుంది. అవ్వ వైపు చూశాడు. అవ్వ తల ఊపి, తర్వాత బాపును పక్కకు పిలిచి ఒక్క మాట అందట: "బాగు జేపియ్యి. గని గా సప్పుడు మాత్రం నా చెవుల వడనియ్యకు కొడుకా. ఇంటే నేనాగ."

అట్లా కాసీం మామ వచ్చాడు. ఊళ్లో సైకిళ్లూ గ్యాసులైట్లూ నూనె ఇంజన్లూ ఏది మొండికేసినా ఆయనే దిక్కు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, గడ్డం గోక్కుని, నన్ను శిష్యురాలిని చేసుకున్నాడు. "ఇను బిడ్డా, బండికి మూడే గావాలె. తాగనీకి పెట్రోలు, అంటుకోనీకి నిప్పురవ్వ, తీసుకోనీకి ఊపిరి. మూడిట్ల ఏదో ఒకటి నారాజ్ అయితది. ఏది అయ్యిందో పట్టుకోవాలె, గంతే." మొదట ఊపిరి చూశాడు, పొగగొట్టంలో కందిరీగలు మట్టిగూడు కట్టుకున్నాయి, ఇనుప చువ్వతో పొడిచి రాల్చాడు. తర్వాత ప్లగ్గు విప్పి, మసి గీకి, కిక్కు కొడుతూ రవ్వ పడుతుందా అని చూస్తే పడలేదు, తీగలన్నీ తేమ పట్టి ఉన్నాయి. వాటిని విప్పి ఎండలో చాప మీద వడియాల్లా ఆరబెట్టాడు. ఆఖరికి ట్యాంకు మూత తీశాడు. అప్పుడే ఆ వాసన నా ముక్కుకు తగిలింది.

ట్యాంకును వంచితే పెట్రోలు కంటే ముందు తుప్పు రంగు నీళ్లు వచ్చాయి, అరబిందె దాకా ఉంటాయి. "యా అల్లా, దీనికి నీళ్లు తాపిండ్రెవరో" అని గొణిగి, ట్యాంకు మీద పొరలు పొరలుగా ఎండిన పసుపును వేలితో తడిమి, తలుపు చాటున నిలబడ్డ చిన్నమ్మ నీడను చూశాడు. అప్పటికే బాపు ఆయనకు సంగతి చెప్పి ఉన్నాడు. లోపలి నుంచి చిన్నమ్మ "ఎందుకు చెడిందట, అడుగు పిల్లా" అంటే, నేను అడగకముందే గట్టిగా అన్నాడు. "వానలమ్మా, వానలు. రెండు వానకాలాలాయె. ఎవ్వల తప్పు లేదు." బస్సులే బొగ్గుపొగతో నడిచే కాలంలో ఎక్కడ సంపాదించాడో సీసాడు కొత్త పెట్రోలు తెచ్చి పోశాడు. ఏడో రోజు బండిని తోసుకుంటూ రైలుగేటు అవతలికి తీసుకుపోయి, చాలు చేసి చూసుకుని, మళ్లీ తోసుకుంటూ తెచ్చి నిలబెట్టాడు. బాపు సద్దుల దాకా ఆగమన్నాడు. అందుకని కాసీం మామ నల్లా బందు చేసి, రోజూ వచ్చి రెండు తన్నులు తన్ని, "రవ్వ ఇంక పడ్తలేదు, జర సబర్ జేయాలె" అని పోయేవాడు. ఈ నాటకం కూడా నాకు తెలియదు.

సద్దుల బతుకమ్మ నాడు మధ్యాహ్నం ముందుగదంతా పూలే. చిన్నమ్మ ఇత్తడి తాంబాళంలో తంగేడు వరుస, గునుగు వరుస, బంతి వరుస పేర్చుకుంటూ పోతుంటే బతుకమ్మ అప్పటికే నా నడుము దాకా వచ్చింది, ఊళ్లో ఎవరికీ అంత పెద్దది లేదు. ఇంకో నాలుగు గంటలు గడిస్తే అవ్వ పెట్టిన ఒట్టు తీరేది. కాసీం మామ వచ్చాడు, బాపు పక్కన నిలబడ్డాడు, ఎప్పటిలాగే ఒక తన్ను తన్నాడు, ఫలితం లేదు. బీడీ ముట్టించుకోవడానికి ఆయన అటు తిరిగినప్పుడు నేను వంగి చూశాను. నల్లా పిడి అడ్డంగా ఉంది. అయ్యో, ఇంత పెద్ద మెకానిక్కు నా నల్లానే మరిచిపోయాడే అనిపించింది. ఇది నా పని కదా. ఎవరికీ చెప్పకుండా, చిన్నాయిన సలాము చేసినట్టే ఊహించుకుని, దర్జాగా పిడిని కిందికి తిప్పాను.

కాసీం మామ బీడీ పళ్ల మధ్య పెట్టుకుని రెండు ఉత్తుత్తి తన్నులు తన్నాడు. రెండోదానికి బండి గర్జించింది. కోళ్లు కప్పెక్కాయి. నేను చప్పట్లు కొట్టి ఎగిరాను. బాపు "బంజెయ్! బంజెయ్!" అని అరిచాడు, కాసీం మామ నల్లా మూసినా అది ఆగలేదు, లోపల మిగిలింది తాగేదాకా ఆగదు కదా, చివరికి ఉత్త చేత్తో ప్లగ్గు తీగ పట్టి గుంజి షాకు కొట్టి ఎగిరి పడ్డాడు. ఈలోపే చిన్నమ్మ ఒడినిండా తంగేడుపూలతో, పసుపు చేతులతో, నవ్వుతూ గడప మీదికి వచ్చింది. ఆమె వెనక నుంచి, ఆమెను పక్కకు నెట్టుకుంటూ, మా అవ్వ వచ్చింది. చేతిలో చెంబు ఉంది.

అన్నీ తెలిసిన అవ్వ, తొమ్మిది రోజులు ఇంట్లో అందరినీ కట్టడి చేసిన అవ్వ, "వస్తన్న కొడుకా" అంటూ నీళ్లు పట్టుకొచ్చింది. మెట్టు దిగి, బండి పక్కన పడి ఉన్న కాసీం మామను చూసి, ఖాళీ సీటు చూసి, ఆగిపోయింది. చెంబు జారిపడింది. "నువ్వు లేని బండికి పానం ఎట్లొచ్చెరా నర్సిమ్మా, నీకెందుకు రాకపాయెరా" అని నేల మీద కూలబడి గుండెలు బాదుకుంది. చిన్నమ్మ ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. ఆమె అవ్వను చూసింది, తర్వాత, పెళ్లయ్యాక మొదటిసారి, బాపు ముఖంలోకి సూటిగా చూసింది. బాపు గోడవైపు తిరిగాడు. చిన్నమ్మ ఒడి వదిలేస్తే పూలన్నీ గడప మీద రాలాయి.

పొద్దుగూకే వేళకు పాటలు పాడుకుంటూ పిలవడానికి వచ్చిన ఆడవాళ్లు వాకిట్లోనే పాట ఆపేశారు. మర్నాడు ఆ సగం బతుకమ్మను అమ్మ ఒక్కతే, పాట లేకుండా, కుంటలో వదిలి వచ్చింది. నల్లా ఎవరు తిప్పారని నన్ను ఎవరూ అడగలేదు. కాసీం మామ "నా చేతుల్తోనే బంద్ జేసిన, అల్లా కసం" అని ఎంత మొత్తుకున్నా బాపు నమ్మలేదు, మళ్లీ మా గడప తొక్కొద్దన్నాడు. ఆ మనిషి తర్వాత మా ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తే తల దించుకుని పోయేవాడు. నేను కిటికీలోంచి చూసేదాన్ని. నోరు విప్పలేదు. తిట్లకు భయపడ్డానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను గానీ అది అబద్ధం, చిన్నమ్మ నన్ను ఇక దగ్గరికి తీయదేమోనని భయపడ్డాను.

చిన్నమ్మను ఆమె అన్న శామీర్‌పేటకు తీసుకుపోయాడు. బండిని బాపు ఎవరికో ఇచ్చేశాడు. నేను పెళ్లయి పిల్లల తల్లినయ్యాక ఒకసారి ఆమెను చూడ్డానికి వెళితే, బియ్యం ఏరుతూ ఏరుతూ ఉన్నట్టుండి అంది. "గా దినం సప్పుడు ఇన్నప్పుడు ఆయిన వచ్చిండనే అనుకున్న పిల్లా. పూలు పట్టుకొని ఉరికిన. అవ్వ ఏడ్సెదాక నా అసొంటి అదృష్టవంతురాలు లేకుండె. గంత సంబురం మల్ల ఎన్నడు గాలె." నల్లా సంగతి నా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. రెండేళ్లకు ఆమె కూడా పోయింది.

మొన్న మనవడు పిలిస్తే ఒక మెకానిక్కు కుర్రాడు వచ్చాడు. వాడు కూడా చెడిన పెట్రోలు దించేశాడు, ప్లగ్గు గీకాడు, ఊదాడు. "నల్లా చూశావా బిడ్డా" అని అడిగాను. "దీనికి నల్లా ఉండదమ్మా, ఇప్పటి బండ్లకు అదే వస్తది పెట్రోలు" అన్నాడు. తంగేడు కోసం మేము తిరిగిన గుట్టలు ఇప్పుడు విల్లాలు, గునుగు పండుగకు ముందు రోడ్డు పక్కన కట్టలు కట్టి అమ్ముతున్నారు. అవ్వ లేదు, బాపు లేడు, కాసీం మామ లేడు, ఆ తప్పు ఒప్పుకుని తిట్లు తినడానికైనా ఒక్కరూ మిగల్లేదు. మూడో తన్నుకు స్కూటర్ అంటుకుంది. మనవడు ఈల వేశాడు. నేను కుర్చీలోంచి లేచి నిలబడి, "నల్లా నేనే తిప్పిన చిన్నమ్మా" అన్నాను. పైకే అన్నాను. బండి చప్పుడులో పక్కనున్న వాళ్లకు కూడా వినబడలేదు.