మా ముగ్గురి జాజ్ ఆదివారాలు

టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా జాజ్ వినేవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలీదు. నాకు తెలిసినవాళ్లం ముగ్గురమే. నేను టెక్కలిలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. రెండో ఆయన సుమ్మాదేవిలో స్టేషన్ మాస్టరుగా ఉండేవాడు. మూడో అతను కాశీబుగ్గలో బ్యాండుమేళంలో క్లారినెట్ వాయిస్తాడు.

మమ్మల్ని కలిపింది స్టేషన్ మాస్టరే. ఉద్యోగం మొదట్లో ఖరగ్‌పూర్‌లో ఉన్నప్పుడు పక్క క్వార్టర్లో ఉండే ముసలి రైలు డ్రైవరు దగ్గర ఆయనకు ఈ సంగీతం అంటుకుంది. ఒకరోజు నౌపడలో పాసింజరు ఎక్కి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఉప్పుమడులు చూస్తూ కూర్చున్నాను. ఎదురు సీట్లో మనిషి నా భుజం తట్టి, "ట్రంపెట్ కదేటి బావా? బయటికి ఇనపడతంది" అన్నాడు. అలా స్టేషన్ మాస్టరుతో పరిచయం. క్లారినెట్ అతన్ని ఎవరిదో పెళ్లి ఊరేగింపులో పట్టుకున్నాడట. సినిమా పాట వాయిస్తూ వాయిస్తూ అతను వరసలోంచి జారి, ఏదో సొంత దారిన వెళ్లి మళ్లీ వచ్చాడు. ఆ జారుడు కోసం ఈయన పెళ్లివారిని వదిలేసి ఊరేగింపు అయ్యేదాకా బ్యాండు పక్కన నడిచాడు.

ఫోన్లో ముగ్గురికీ ఒక గ్రూపు పెట్టుకున్నాం. ఆదివారం టిఫిన్లయ్యాక ఎవరు ఏ ఆల్బం వింటున్నారో చెప్పాలి. అట్ట బొమ్మ పెట్టి నాలుగు ముక్కలు రాయాలి. నేను పుస్తకాల మధ్య బతికేవాణ్ణి కాబట్టి పెద్ద మాటలు రాసేవాణ్ణి. స్టేషన్ మాస్టరు మాట్లాడినట్టే రాసేవాడు. ఒకసారి ఒక డ్రమ్ముల ఆయన గురించి, "ఈయన కర్రల్తో కాదు, చీపురుపుల్లల్తో వాయిస్తన్నాడు. మా యమ్మ వాకిలి తుడిసినట్టుంది" అని రాశాడు. అప్పటిదాకా ఆ రికార్డు నాకు ఎక్కలేదు. ఆ మాట చదివాక వదల్లేకపోయాను. క్లారినెట్ అతనికి రాయడం ఇబ్బంది. గొంతుతో కూనిరాగం తీసి రికార్డు చేసి పంపేవాడు.

నిరుడు వానల్లో అనుకుంటాను, స్టేషన్ మాస్టరు పాత ఆల్బమ్‌లే మళ్లీ పెట్టడం మొదలుపెట్టాడు. ఇష్టం కొద్దీ అనుకున్నాం. తర్వాత క్లారినెట్ అతనితో, "కూనిరాగాలొద్దు, రాసి పంపు" అన్నాడు. పాపం అతను తప్పులతోనే రాసి పంపేవాడు.

ఒక సెలవురోజు కొత్త ఆల్బం ఒకటి పెన్‌డ్రైవులో వేసుకుని సుమ్మాదేవి వెళ్లాను. ఆయన స్పీకరు చివరిదాకా తిప్పాడు. కిటికీ రెక్కలు అదిరాయి. వాళ్లావిడ వంటింట్లోంచి వచ్చి, నావైపు ఒకసారి చూసి వెనక్కి వెళ్లిపోయింది. ఆయన కళ్లు మూసుకుని పూర్తిగా విన్నాడు. అయ్యాక, "పియానో బాగున్నాది" అన్నాడు.

ఆ ఆల్బంలో పియానో లేదు. ట్రంపెట్, శాక్సోఫోన్, బేస్, డ్రమ్ములు, అంతే. నేను "అవును" అన్నాను.

నన్ను రైలెక్కించడానికి ప్లాట్‌ఫారం మీదికి వచ్చినప్పుడు ఆయనే అడిగాడు.

"పియానో నేదు కదా?"

"లేదు."

"నీ మొకం సూసి అనుకున్నాను." పట్టాల కేసి తిరిగాడు. "ఎడం సెవి పోయి రెండేళ్లయింది బావా. ఇప్పుడు కుడిది పోతంది. మొన్న పక్క స్టేషనోడు ఫోన్లో రైలు నంబరు సెప్తే రెండుసార్లు అడిగేను. ఆ మర్నాడే కాయితం రాసిచ్చేసినాను, నాకీ డ్యూటీ ఒద్దని."

"మాకు ఒక్క మాట చెప్పలేదేం?"

"మీకేటని సెప్తాను? పాట తప్పిందంటే నా ఒక్కడికే. నంబరు తప్పితే రైలు నిండా జనం."

రైలు వచ్చింది. ఎక్కి కూర్చున్నాక నాకు భయం వేసింది. ఆ రోజు నేను చెప్పిన అబద్ధం చిన్నదే. కానీ ఆయన నా ముఖంలో దాన్ని పట్టుకున్న తీరు చిన్నది కాదు.

ఆయన్ని విశాఖపట్నం తీసుకెళ్లాం, క్లారినెట్ అతనూ నేనూ. చెవుల డాక్టరు మంచివాడే. నరం దెబ్బతిందనీ, పోయింది తిరిగి రాదనీ, చెవికి మిషను పెట్టుకుంటే మాటలు అందుతాయనీ కాగితం మీద రాసి మరీ చూపించాడు. పాటల సంగతి నేను అడిగాను. డాక్టరు పెన్ను మూత పెట్టేసి, "మాటలు అందుతాయి" అని మళ్లీ అన్నాడు.

మిషను వచ్చింది. మాటలు అందాయి. పాట పెడితే రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టుందన్నాడు. అలవాటవుతుందేమోనని ఇరవై రోజులు రోజూ పెట్టుకుని కూర్చున్నాడు. క్లారినెట్ అతను ఊరుకోలేక పెట్టె పట్టుకుని నాతో సుమ్మాదేవి వచ్చాడు. ఆయన ఎదురుగా, మోకాళ్లు మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుని, కింది స్వరాల్లో మెల్లిగా వాయించాడు. స్టేషన్ మాస్టరు కళ్లు అతని వేళ్ల మీదే ఉన్నాయి.

"ఊపిరి తీసింది తెలస్తంది. సుతి తెలడం నేదు," అన్నాడు. "పోన్లే, ఒగ్గియ్."

అతను క్లారినెట్ తుడిచి పెట్టెలో పెట్టాడు. పెట్టె గొళ్లెం పెట్టడానికి చాలాసేపు పట్టింది. నేను సాయం చేయబోతే చెయ్యి తోసేశాడు.

ఆ తర్వాత ఆదివారం స్టేషన్ మాస్టరు గ్రూపులో ఒక కోరిక కోరాడు. తను ఎప్పుడూ వినని ఆల్బం ఏదైనా విని, అది ఎలా ఉందో తనకి రాయమన్నాడు. నాకు సంతోషమేసింది. ఇన్నాళ్లకు చేయగలిగిన పని దొరికిందనుకున్నాను. రెండు పేజీలు రాశాను. ట్రంపెట్‌లో గాఢమైన దుఃఖం ఉందని రాశాను. జవాబు వచ్చింది: "దుఃఖం అంటే ఏ దుఃఖం బావా? పైనించి దిగిందా, కిందనించి ఎక్కిందా? పక్కనోళ్లు ఆగినారా, వాయిస్తన్నారా?"

మళ్లీ విన్నాను. ఎనిమిదిసార్లు విన్నాను. రాసింది కొట్టేశాను, మళ్లీ రాశాను. విన్నకొద్దీ మాట దూరమైంది. నాకు తెలిసిన తెలుగంతా ఆ నాలుగు నిమిషాల పాట ముందు ఎందుకూ పనికిరాలేదు. క్లారినెట్ అతను మాత్రం తప్పుల తడకగా ఒక వాక్యం పంపాడు: "మద్దిన ఊపిరి ఆపీసినాడు, అందరూ ఆడికోసం సూత్తన్నారు." దానికి స్టేషన్ మాస్టరు, "అదీ" అన్నాడు. నా రెండు పేజీలకు ఆ మాట రాలేదు. అసూయపడ్డాను. సిగ్గుపడ్డాను కూడా. కొన్ని వారాలకు అతని దగ్గరా వాక్యాలు అయిపోయాయి.

స్టేషన్ మాస్టరుకి ఇప్పుడు పలాసలో కాగితాల పని. పోయిన నెల ఒకరోజు మధ్యాహ్నం టీ వేళకి కలుద్దామని స్టేషను బయట కొట్టు దగ్గరికి రమ్మన్నాడు. మేమిద్దరం ముందే చేరుకున్నాం. క్లారినెట్ అతను కొత్తగా దొరికిందంటూ ఒక ఇయర్‌ఫోన్ నాకిచ్చి, ఒకటి తను పెట్టుకున్నాడు. డ్రమ్ములాయన ఏదో కొంటె దెబ్బ వేశాడు. ఇద్దరం ఒక్కసారి నవ్వాం. తల ఎత్తితే ఎదురుగా స్టేషన్ మాస్టరు నిలబడి ఉన్నాడు.

ఇయర్‌ఫోన్స్ లాగేశాం. నోటికేది వస్తే అది, మూలపేటలో పోర్టు వస్తోంది కదా, అక్కడి భూముల ధరలు ఎలా పెరుగుతున్నాయో నేను చెప్పడం మొదలుపెట్టాను. ఆయన నా పెదాల వైపు కాసేపు చూశాడు.

"భూములు నీకెందుకు బావా? నవ్వొచ్చింది దేనికో అది ఇనండి. నాను టీ తాగుతాను."

వినకపోతే ఇంకా బాధపడతాడనిపించింది. మళ్లీ పెట్టుకున్నాం. పాట నడుస్తోంది గానీ నాకేమీ ఎక్కలేదు. క్లారినెట్ అతను తల దించుకుని చెప్పుతో మట్టిలో గీస్తున్నాడు. స్టేషన్ మాస్టరు గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు, ఎక్కడ నవ్వుతామా అని. నవ్వుదామని ప్రయత్నించాను. రాలేదు. ఆయన టీ అయిపోగానే గ్లాసు బల్లమీద పెట్టి, టైమయిందని చెయ్యి ఊపి, స్టేషను వంతెన మెట్లెక్కి వెళ్లిపోయాడు.