కౌన్సిల్ లేదన్నాను, కౌన్సిల్ వచ్చింది

పెళ్లయిన పదిహేనేళ్లలో మా ఆవిడ మాధవి నన్ను మూడే మూడుసార్లు ‘నువ్వు’ అంది. ఆ మూడూ ఒకే మధ్యాహ్నం, పది నిమిషాల వ్యవధిలో, మా ఇంటి ముందు, ఒక పోలీసు కానిస్టేబుల్ ఎదుట అంది. అంతదాకా తెచ్చుకున్న నా ఘనకార్యమేమిటో చెబుతాను. చదివి మీరు నవ్వితే నాకేం అభ్యంతరం లేదు. ఆ కానిస్టేబులే నవ్వాడు.

కొన్నేళ్ల కిందటి మాట. మెల్‌బోర్న్ ఉత్తరాన క్రెయిగీబర్న్‌లో ఇల్లు కొనుక్కుని అప్పటికి రెండేళ్లయింది. అంతకుముందు నేను విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో పన్నెండేళ్లు పనిచేసినవాణ్ణి. విలేకరి పంపిన వార్తలో వాన పడిందని ఉంటే, ఏ ఊళ్లో, ఎన్నింటికి, నీకెవరు చెప్పారని వాణ్ణి ముప్పుతిప్పలు పెట్టేవాణ్ణి. అలాంటి నేను రమణ అంకుల్ మాటను ఒక్క ప్రశ్న వేయకుండా నమ్మేశాను. ఆయన గ్యారేజీలో ప్రతి శనివారం మధ్యాహ్నం మిరపకాయ బజ్జీలు పెట్టేవారు. నోటినిండా బజ్జీ ఉన్నవాడు ప్రశ్నలేం వేస్తాడు చెప్పండి.

రమణ అంకుల్ మా వీధి చివర ఉంటారు. గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరై వచ్చారు. పొద్దస్తమానం ఫోన్‌లో వీడియోలు చూసి, శనివారం నాటికి సుప్రీంకోర్టు జడ్జిలా తయారయ్యేవారు.

“ఏవయ్యా ప్రసాదూ, ఈ దేశం రాజ్యాంగం చదివావా?”

“లేదంకుల్.”

“చదివుంటే తెలిసేది. అందులో లోకల్ కౌన్సిల్ అనే మాటే లేదు. లేని కౌన్సిల్‌కి రేట్స్ ఎందుకు కడుతున్నావ్?”

కౌన్సిల్ అంటే మన మునిసిపాలిటీ లాంటిది, రేట్స్ అంటే అది వేసే ఇంటిపన్ను. నాకూ ఆ బిల్లు చూసినప్పుడల్లా కడుపు మండుతూనే ఉండేది.

“మరి చెత్తబండి ఎవరు పంపుతున్నారంకుల్?”

“అది వాళ్లిష్టం. మనం పంపమన్నామా? ఇంకోటి చూడు. బిల్లు మీద నీ పేరు మొత్తం క్యాపిటల్ లెటర్స్‌లో ఉంటుంది. అది నువ్వు కాదు. నీ పేరుతో వాళ్లు పుట్టించిన కంపెనీ. నువ్వు లివింగ్ మ్యాన్‌వి. సజీవ మానవుడివి.”

నేను సజీవంగా ఉన్నానన్న విషయంలో నాకు అంతకుముందు అనుమానమేమీ లేదు. అయినా ఆయన నోట వినేసరికి పదోన్నతి వచ్చినంత గర్వమేసింది.

ఆ రాత్రే కౌన్సిల్‌కు ఉత్తరం రాశాను. ఉత్తరమా అది, సంపాదకీయం. మీ ఉనికిని నేను గుర్తించను, నాకు ఫోన్ చేస్తే కాల్‌కింతని రుసుము చెల్లించాలి, మా గేటు దాటితే అతిక్రమణ కింద లెక్క అని రెండు పేజీలు దంచాను. కింద సంతకం పనికిరాదట, ఎర్రటి వేలిముద్ర ఉండాలట. అది ప్రాణమున్నవాడి గుర్తని అంకుల్ నొక్కి చెప్పారు. ఇంట్లో ఎర్రసిరా లేదు. పూజగదిలోకి వెళ్లి, కుంకుమ భరిణె తీసి, నాలుగు చుక్కల నీళ్లు కలిపి బొటనవేలు గట్టిగా అద్దాను. నీళ్లెక్కువై అది కాగితం మీద కొంచెం కిందికి కారింది. నా కంటికి మాత్రం శుభలేఖలా కనిపించింది.

ఇదేదీ మాధవికి తెలియదు. ఆవిడ వేరే హడావుడిలో ఉంది. తొమ్మిదేళ్లు వీసాల వెంట తిరిగాక, పరీక్ష పాసయ్యాక, మాకు పౌరసత్వం ఇచ్చే వేడుకకు పిలుపొచ్చింది. ఇంక రెండు వారాలే ఉంది. ధర్మవరం నుంచి పట్టుచీర తెప్పించుకుంది. వేడుక అయ్యాక భోజనానికి ఇరవైమందిని పిలిచింది. ఆ పిలుపు పంపింది ఏ ఆఫీసో నేను చూడలేదు. కాగితాలన్నీ చూసేది ఆవిడే. నేను దేశాన్ని చూసేవాణ్ణి.

గురువారం మధ్యాహ్నం ఇంటి ముందు గోంగూర మడికి నీళ్లు పెడుతున్నాను. తెల్లకారు ఒకటి వచ్చి ఆగింది. దాని వెనకే పోలీసు కారు. మొదటిదాంట్లోంచి ఫైలు పట్టుకుని ఒకావిడ దిగింది. పేరు ట్రేసీ అని చొక్కా మీద ఉంది. రెండోదాంట్లోంచి ఆరడుగుల కానిస్టేబుల్.

“గేటు దాటొద్దు” అన్నాను ఇంగ్లీషులో, నీళ్ల పైపు వాళ్లవైపు తిప్పి.

ఇద్దరూ ఆగిపోయారు. అతని నడుముకు తుపాకీ ఉంది. నా చేతిలో గోంగూర పైపు ఉంది. బలాబలాలు అప్పుడే కొంత అర్థమయ్యాయిగానీ, సజీవ మానవుడు వెనకడుగు వేయకూడదు కదా.

“మిస్టర్ శివప్రసాద్ మీరేనా?” అంది ట్రేసీ.

“ఆ పేరు గల కంపెనీ ఇంట్లో లేదు.”

“ఎప్పుడొస్తుంది?” అన్నాడు కానిస్టేబుల్, చాలా మర్యాదగా.

దానికి జవాబు అంకుల్ నేర్పలేదు. ట్రేసీ ఫైల్లోంచి నా ఉత్తరం తీసి, కొసలు పట్టుకుని చూపించింది. “ఇది రక్తమేమోనని మా ఆఫీసులో భయపడ్డారు. అందుకే ఈయన్ని తోడు తెచ్చుకున్నాను.”

“రక్తం కాదు. కుంకుమ. దేవుడికి పెడతాం.”

“దేవుడికి పెట్టేది కౌన్సిల్‌కి ఎందుకు పెట్టారు?” అన్నాడు కానిస్టేబుల్.

అయినా తగ్గకుండా గొంతు పెంచాను. “రేట్స్ విషయం కోర్టులో తేల్చుకుందాం. మీ కౌన్సిల్‌ను నేను గుర్తించను.”

“నాకు రేట్స్‌తో సంబంధం లేదు సర్” అంది ట్రేసీ. “నేను పౌరసత్వ వేడుకలు చూస్తాను. ఫోన్ చేద్దామంటే ఫీజు అడిగారు, అందుకే స్వయంగా వచ్చాను. వచ్చే శనివారం మీకు సర్టిఫికెట్ ఇచ్చేది మా మేయరు. వేడుక జరిగేది మా హాల్లో. మీరేమో కౌన్సిలే లేదంటున్నారు. లిస్టులోంచి మీ పేరు తీసేయమంటారా?”

పైపు నా చేతిలోనే ఉంది. నీళ్లు నా చెప్పుల మీద పడుతున్నాయి. నా వెనక తలుపు తెరుచుకుని మాధవి బయటికొచ్చింది.

“ఏమిటండీ ఈ గొడవ? మేడమ్, వాట్ హ్యాపెన్డ్?”

ట్రేసీ ఉత్తరం అందించింది. మాధవి మొదటి పేజీ చదివింది. రెండో పేజీ చదివింది. వేలిముద్ర దగ్గర ఆగింది.

“ఇది నువ్వు రాశావా?”

అదీ మొదటిది.

“రమణ అంకుల్ చెప్పారు, రాజ్యాంగంలో…”

“నువ్వు ముందు ఆ పైపు కింద పెట్టు.”

పెట్టాను. కానిస్టేబుల్ ఊపిరి పీల్చుకున్నాడు. ఆవిడ అక్కడికక్కడే రమణ అంకుల్ ఇంటికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. అంకుల్ భార్య ఎత్తారు.

“ఆంటీ, మీరు కౌన్సిల్ రేట్స్ కట్టరా?”

“ఎందుకు కట్టమమ్మా? డైరెక్ట్ డెబిట్‌లో బ్యాంకు నుంచి వాటంతటవే పోతాయిగా. మీ అంకులే పెట్టారు. ఇదిగో మాట్లాడు.”

అంకుల్ గొంతు నెమ్మదిగా వచ్చింది. “నేను చెప్పింది థియరీ అమ్మా. ప్రసాదు ప్రాక్టికల్స్‌కి వెళతాడని నేనేం కలగన్నానా?”

మాధవి ఫోన్ పెట్టేసి నావైపు తిరిగింది. “నువ్వు ఈ దేశంలో ఉంటావా, ఆయన గ్యారేజీలో ఉంటావా? ఇప్పుడే చెప్పు.”

ట్రేసీకి తెలుగు రాదు. అయినా విషయం అర్థమై ఫైల్లోంచి తెల్లకాగితం తీసిచ్చింది. నా ఉత్తరాన్ని బేషరతుగా ఉపసంహరించుకుంటున్నానని రెండు వాక్యాలు రాశాను. నా జీవితంలో ఎడిటింగ్ అక్కర్లేని రచన అదొక్కటే.

“ఈసారి పెన్నుతో చాలు” అన్నాడు కానిస్టేబుల్. అతను నవ్వాడని మొదట్లో చెప్పానే, అది అప్పుడే.

వాళ్లు వెళ్లాక, డెస్కులో చేయాల్సిన పని ఆలస్యంగా చేశాను. ఐదు నిమిషాలు వెతికితే తేలింది. దేశ రాజ్యాంగంలో కౌన్సిళ్ల మాట లేనిది నిజమే. వాటిని పుట్టించింది రాష్ట్ర చట్టాలు. అక్కడ నిక్షేపంగా ఉన్నాయి. సాయంత్రానికల్లా రేట్స్ కట్టేశాను.

శనివారం వేడుకలో, ఈ దేశ చట్టాలను పాటిస్తానని ప్రమాణం చేసేటప్పుడు హాల్లో అందరికంటే పెద్దగా వినిపించిన గొంతు నాదే. ట్రేసీ మొదటి వరసలోంచి తల ఊపింది. మేయరు చెయ్యి కలిపి, ఏం పని చేసేవారని అడిగారు. తెలుగు పత్రికలోనన్నాను. ఆయన ముఖం వెలిగింది.

“భలే దొరికారు. మీవాళ్ల కోసం మేమొక కరపత్రం వేయాలి. తెలుగులో రాసిపెడతారా?”

పట్టుచీరలో పక్కనే ఉన్న మాధవి నాకంటే ముందు “తప్పకుండా” అంది.

ఆ విధంగా, ‘రేట్స్ ఎందుకు కట్టాలి’ అని క్రెయిగీబర్న్‌లో మన ఇళ్లన్నిటికీ చేరిన నాలుగు పేజీల కరపత్రం నేనే రాశాను. రమణ అంకుల్ చదివి, వాదనలో పసలేదన్నారు.

అందుకని పాఠక మహాశయులారా, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ ప్రభుత్వం మీద యుద్ధం ప్రకటించాలన్నా, ఆ ప్రభుత్వంతో మనకేమైనా పని ఉందేమో ముందు మా ఆవిడనడిగి కనుక్కుంటాను.